"మధ్య" అనే ఒక్క మాటా, కొన్ని వేల కొండచిలువలూ

2023లో ఓ ఎనిమిది నెలలు క్లయింటు పని మీద ఫ్లోరిడాలో ఉన్నాను. అక్కడి టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, డేటాబేసులు చూసుకునేవాడు. యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ. ఒకరోజు లంచ్ దగ్గర కుర్రాళ్ళంతా ఎవరెవరికి ఏయే లాంగ్వేజీలొచ్చో గొప్పలు పోతుంటే, "నా దగ్గరా ఒక పైథాన్ ఉంది" అన్నాడు. ఏ వెర్షనో అడగబోయి ఆగాను. ఈలోపు ఆయన ఫోన్ తీసి ఫొటో చూపించాడు. పద్నాలుగు అడుగుల బర్మా కొండచిలువ, సోఫా మీద. అదే ఫ్రేములో ఆయన పాదాలు, చేతిలో కాఫీ కప్పు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేటప్పుడు కూడా అమ్మ వెనకాల దాక్కునే రకాన్ని నేను. ఆ రోజు లంచ్ సరిగ్గా దిగలేదు.

తర్వాత్తర్వాత ఆయనతో చనువు పెరిగాక ఇంకో సంగతి చెప్పాడు. 2014లో పక్క రాష్ట్రంలో మంచి ఉద్యోగం వచ్చిందట. జీతం ఇరవై శాతం ఎక్కువ. వెళ్ళలేదు. కారణం పాము. దాన్ని కార్లో పెట్టుకుని రాష్ట్రం సరిహద్దు దాటితే ఫెడరల్ నేరం, ఆరు నెలల దాకా జైలు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఫ్లోరిడాలో కొనడమే నిషేధం. చంపడానికి చేతులు రాలేదు. "మూడేళ్ళ తర్వాత కోర్టు చెప్పింది, అసలు అది ఎప్పుడూ నేరమే కాదని" అని నవ్వాడు. నవ్వు లాంటిదే.

ఇదేం కథరా బాబూ అని తవ్వడం మొదలెట్టాను. తవ్వితే నూట పాతికేళ్ళ చరిత్ర బయటపడింది. అందులో నన్ను బాగా పట్టేసింది ఏంటంటే, ఒక జంతువుని నిషేధించినప్పుడు దాని మార్కెట్ ఎలా వంకర్లు తిరుగుతుందనేది. మనం అనుకునేది "నిషేధిస్తే ఆగుతుంది" అని. ఆగడం తప్ప మిగతావన్నీ జరుగుతాయి.

సరే, మొదట్నించీ చెప్తాను.

అమెరికాలో వన్యప్రాణుల వ్యాపారం మీద మొట్టమొదటి ఫెడరల్ చట్టం 1900 మే 25న వచ్చింది. అయోవా రాష్ట్రం ప్రతినిధి జాన్ లేసీ తెచ్చాడు కాబట్టి లేసీ చట్టం అంటారు. హాని చేసే విదేశీ జంతువుల్ని దేశంలోకి తేకూడదని అందులో ఒక భాగం. ఆ మొదటి జాబితాలో ఉన్నవి ఏంటో తెలుసా? గబ్బిలాలు (పళ్ళు తినేవి), ఇంగ్లీషు పిచ్చుక, స్టార్లింగ్ పక్షి, ఇంకా మన ముంగిస! పాముల గురించి చదువుదామని వెళ్తే ముంగిస ఎదురైంది. ఆ ముంగిసలు వెళ్ళింది కూడా మన దగ్గర్నించే. 1872లో జమైకాలో ఒక చెరుకు తోటల యజమాని ఎలకల బాధ పడలేక కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని తెప్పించుకున్నాడు. అవి పిల్లలు పెట్టాయి. 1883లో జమైకా నుంచి హవాయికి కూడా తీసుకెళ్ళారు. ఎలకలేమో ఎక్కువగా రాత్రి తిరుగుతాయి, ముంగిసలు పగలు. ఇక అవి పక్షుల గుడ్ల మీద పడ్డాయి. లేసీ చట్టం వచ్చేసరికి హవాయిలో ముంగిసకి పదిహేడేళ్ళ రాజ్యం అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఈ చట్టానికి పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

ఇప్పుడు కొండచిలువల దగ్గరికొద్దాం.

బర్మా కొండచిలువ మన నల్లమలలో ఉండే కొండచిలువకి దాయాది. చాలాకాలం రెండిటినీ ఒకే జాతిగా లెక్కేసేవాళ్ళు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కొండచిలువని పట్టినా, పెంచినా, అమ్మినా నేరమే. అమెరికాలో మాత్రం ఇది కుక్కపిల్ల దొరికినంత సులువుగా దొరికేది. 1996 నుంచి 2006 దాకా 90 వేలకు పైగా బర్మా కొండచిలువల్ని దిగుమతి చేసుకున్నారు. అక్కడే పుట్టించి అమ్మినవి దీనికి అదనం.

ఈ సరుకు ఎకనామిక్స్ ఒక్క నిమిషం చూడండి, మిగతా కథకి ఇదే మూలం. పిల్ల రెండడుగులు ఉంటుంది. చూడ్డానికి ముద్దుగా (వాళ్ళకి!), ధర తక్కువ. అదే పిల్ల రెండు మూడేళ్ళలో పది అడుగులు దాటుతుంది. అప్పుడు దానికి ఎలకలు చాలవు, కుందేళ్ళు కావాలి. గాజు పెట్టె చాలదు, గది కావాలి. ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది. అంటే పిల్ల పాముకి ధర ఉంది, పెద్ద పాముకి లేదు. నిజానికి పెద్దదాని ధర సున్నా కంటే కిందే, తీసుకెళ్ళేవాడికి మనమే ఎదురు డబ్బులివ్వాలి. ఇలాంటి సరుకు ఏ మార్కెట్లో ఉన్నా చివరికి ఎక్కడ తేలుతుందో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర పాత సీఆర్టీ మానిటర్లు ఎక్కడ తేలాయో ఇవీ అక్కడే తేలాయి. ఊరి బయట. ఫ్లోరిడాలో ఊరి బయట అంటే ఎవర్‌గ్లేడ్స్. వేల చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల. వెచ్చగా, తడిగా, తినడానికి బోల్డన్ని జంతువులతో అచ్చం బర్మాలాగే ఉంటుంది.

1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను వచ్చి, పాముల్ని పెంచే ఒక కేంద్రం కూలిపోయి, అక్కడి పాములన్నీ అడవిలోకి పోయాయని ఒక కథ చెప్తారు. అదొక్కటే కారణం అంటే అందరూ ఒప్పుకోరు. అంతకుముందు నుంచే అడపాదడపా కనబడుతున్నాయి. యజమానులు వదిలేసినవి కూడా కలిశాయి. ఏదైతేనేం, 2000 నాటికి అవి అక్కడ స్థిరపడి పిల్లల్ని పెడుతున్నాయని శాస్త్రజ్ఞులు ఖాయం చేశారు. తేదీ గుర్తుపెట్టుకోండి: 2000.

2006లో దక్షిణ ఫ్లోరిడా నీటి యాజమాన్య సంస్థ వాళ్ళు ఫెడరల్ వన్యప్రాణి శాఖకి పిటిషన్ పెట్టారు, ఈ పాముని లేసీ జాబితాలో చేర్చమని. 2008లో ఆ శాఖ "మీ అభిప్రాయాలు చెప్పండి" అని ప్రకటన ఇచ్చింది. అదే ఏడాది ఫ్లోరిడా రాష్ట్రం లైసెన్సు పెట్టింది, ఏడాదికి వంద డాలర్లు, పాము ఒంట్లో మైక్రోచిప్. 2009 జులై 1న ఫ్లోరిడాలోనే ఒక ఇంట్లో పెట్టె లోంచి బయటపడ్డ బర్మా కొండచిలువ రెండేళ్ళ పాపని చంపేసింది. ఆ పాముకి లైసెన్సు లేదు. దేశమంతా గగ్గోలు. అక్టోబర్లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు తొమ్మిది రకాల పెద్ద పాముల మీద రిస్కు రిపోర్టు ఇచ్చారు. 2010 మార్చిలో ఆ తొమ్మిదినీ నిషేధిస్తామని ప్రతిపాదన. అదే జులై నుంచి ఫ్లోరిడాలో కొత్తగా కొనుక్కోవడం బంద్, ముందే లైసెన్సు ఉన్నవాళ్ళు మాత్రం ఉన్న పాము బతికినన్నాళ్ళు ఉంచుకోవచ్చు. మా పెద్దాయన 2009లో కొన్నాడు, ఈ లెక్కలోకి వస్తాడు. చివరికి 2012 జనవరిలో ఫెడరల్ నిషేధం ఖరారయింది, మార్చి 23 నుంచి అమలు. అదీ తొమ్మిది కాదు, నాలుగే. బర్మా కొండచిలువ (మన దాయాది కూడా ఇందులోనే), ఆఫ్రికా కొండచిలువలు రెండు, పసుపు అనకొండ.

పిటిషన్ నుంచి అమలు దాకా ఆరేళ్ళు. పాములు స్థిరపడ్డాక పన్నెండేళ్ళు. నిషేధం అచ్చయిన వారానికి ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఎవర్‌గ్లేడ్స్ రోడ్ల మీద రాత్రిపూట తిరిగి లెక్కపెట్టిన జంతువుల వివరాలు. రకూన్లు 99.3 శాతం తగ్గాయి, ఒపోసమ్‌లు 98.9 శాతం, అడవి పిల్లులు 87.5 శాతం. ఇంకేం మిగిలిందని?

ఇంత సేపు ఎందుకు పట్టింది అంటే మధ్యలో వ్యాపారులు ఉన్నారు కాబట్టి. అది పూర్తిగా దుర్మార్గమని నేననను. ఇళ్ళలో, గరాజుల్లో పాముల్ని పెంచి పిల్లల్ని అమ్ముకుని బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయక్కడ. వాళ్ళంతా ఒక సంఘం పెట్టుకున్నారు, లాయర్లని పెట్టుకున్నారు. వాళ్ళ వాదన, "ఫ్లోరిడా చిట్టచివర వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ బతికాయి, మంచు కురిసే మిన్నెసోటాలో నా గరాజులో పాము ఎవరికి హాని?" అని. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. దేశం మొత్తానికి ఒకే కాన్ఫిగరేషన్ ఫైలు పెడితే వచ్చే ఇబ్బంది ఇదే.

మరి బోవా సంగతి? ఆ రిస్కు రిపోర్టులో అత్యంత ప్రమాదకరం అన్న అయిదింట్లో బోవా కన్‌స్ట్రిక్టర్ కూడా ఉంది. 2015 మార్చిలో రెండో విడతగా రెటిక్యులేటెడ్ పైథాన్నీ, మూడు రకాల అనకొండల్నీ చేర్చారు. ఈ నాలుగూ రిపోర్టులో మధ్యస్థ రిస్కు అన్నవే. ఎక్కువ రిస్కు ఉన్న బోవాని మాత్రం వదిలేశారు. ఎందుకంటే అప్పటికే అది బోలెడన్ని ఇళ్ళలో ఉంది. ఎంతమంది దగ్గర ఉంటే అంత వదలడం కష్టం కాబట్టి దాన్ని నిషేధించడమూ కష్టమే. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ సామెత అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు అసలు కథ, "మధ్య".

ఈ చట్టంలో నిషేధించిన జంతువుల్ని దేశంలోకి తేకూడదు అనే కాక, ఇంకో ముక్క కూడా ఉంది. 1960లో సవరణతో చేరింది. దాని సారం ఇది: ఖండాంతర్గత అమెరికా, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా, హవాయి, ప్యూర్టోరికో, అమెరికా ఆధీనంలోని ఇతర ప్రాంతాలు, వీటి "మధ్య" రవాణా చేయకూడదు. ప్రభుత్వం దీన్ని ఎలా చదివిందంటే, ఏ రెండు రాష్ట్రాల మధ్యా రవాణా కుదరదు అని. జార్జియా నుంచి అలబామాకి కూడా.

మనం ప్రోగ్రామర్లం కదా, కోడులా చూద్దాం. అయిదు ఎలిమెంట్లున్న ఒక లిస్టు. దాంట్లో ఏ రెండు వేర్వేరు ఎలిమెంట్లు తీసుకున్నా వాటి మధ్య రవాణా తప్పు. "ఖండాంతర్గత అమెరికా" అనేది మొత్తం ఒకే ఎలిమెంటు. హవాయి నుంచి కాలిఫోర్నియాకి తప్పు, సరే. కానీ జార్జియా, అలబామా రెండూ ఒకే ఎలిమెంటు లోపల ఉన్నాయి! ప్రభుత్వం ఆ ఎలిమెంటు లోపలికి కూడా దూరి ఇంకో లూపు తిప్పింది. స్పెక్‌లో లేని లూపు. ఎన్ని ఏళ్ళుగా ఎంతమంది కోడు రివ్యూ చేసి ఉంటారు, ఒక్కడూ పట్టుకోలేదా? పట్టుకున్నది పాముల వాళ్ళ లాయర్లు. 2013 డిసెంబర్లో కేసు వేశారు. 2015 మేలో వాషింగ్టన్ జిల్లా కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. 2017 ఏప్రిల్ 7న అప్పీలు కోర్టు తేల్చేసింది, 49 ఖండాంతర్గత రాష్ట్రాల మధ్య రవాణాని ఆ చట్టం నిషేధించడం లేదు అని.

అంటే 2012 నుంచి అయిదేళ్ళ పాటు జనం భయపడిన నేరం చట్టంలో లేదు. ఆ అయిదేళ్ళలో ఏమైంది? బర్మా కొండచిలువల్ని పెంచేవాడికి దేశమంతా ఉన్న మార్కెట్ ఒక్కసారిగా వాడి రాష్ట్రానికి కుంచించుకుపోయింది. మన దగ్గర ఆవకాయ పట్టేవాళ్ళని గుంటూరు జిల్లా దాటి అమ్మొద్దంటే ఎలా ఉంటుందో అలా. పిల్లల్ని కొనేవాడు లేడు, పెద్దవాటిని ఇంకో ఊళ్ళో ఎవరైనా పెంచుతానన్నా పంపే దారి లేదు. ఇందాక చెప్పానే, పెద్ద పాము ధర సున్నా కంటే కిందని? నిషేధం దాన్ని ఇంకా కిందకి తోసింది. వదిలించుకోవాలన్న ఒత్తిడి పెరిగింది, వదిలించుకునే సక్రమమైన దారులు తగ్గాయి. ఆ ఒత్తిడి ఎవరి తలుపు దగ్గర ఎలా తీరిందో లెక్కలు రాసిపెట్టే వాళ్ళుండరు.

ఇక్కడ ఫ్లోరిడా వన్యప్రాణి శాఖని మెచ్చుకోవాలి. వాళ్ళు "పెంపుడు జంతువుల క్షమాభిక్ష" అని ఒక పద్ధతి పెట్టారు. పాముని తెచ్చి అప్పజెప్పండి, లైసెన్సు ఉందా లేదా అని అడగం, కేసు పెట్టం, ఎవరైనా అర్హులకి ఇస్తాం అని. నా దృష్టిలో ఎవర్‌గ్లేడ్స్‌కి నిషేధాల కంటే ఇలాంటివే ఎక్కువ మేలు చేస్తాయి. సరుకు ధర సున్నా కంటే కింద ఉన్నప్పుడు అమ్మేవాడి మీద నిఘా పెట్టి లాభం లేదు, వదిలేసేవాడికి చెత్తబుట్ట చూపించాలి.

2017 తీర్పు తర్వాత ఇంకో తమాషా. విదేశాల నుంచి దిగుమతి మాత్రం బంద్, దేశం లోపల రాష్ట్రాల మధ్య అమ్మకానికి ఫెడరల్ అడ్డు లేదు. ఈ ఏర్పాటు మనకి బాగా తెలిసిందే కదా? 1991కి ముందు మన అంబాసిడర్ కారు! బయటి సరుకు రానివ్వకుండా లోపలి తయారీదారుని కాపాడటం. పాముల వ్యాపారుల నడ్డి విరుస్తుందనుకున్న చట్టం చివరికి, బ్రతికి బట్టకట్టిన పెంపకందారులకి దిగుమతి పోటీ నుంచి రక్షణ గోడ అయి కూర్చుంది. ఈ కంతని పూడ్చాలని 2022లో ప్రతినిధుల సభ ఒక పెద్ద బిల్లులో లేసీ సవరణ పెట్టింది. ఆ ఆగస్టులో చిప్ తయారీకి డబ్బులిచ్చే చట్టంగా అది బయటకొచ్చేసరికి ఈ ముక్క ఎగిరిపోయింది. సెమీకండక్టర్ల బిల్లులో కొండచిలువలు ఎందుకున్నాయని అడక్కండి, అక్కడి బిల్లులు మన పెళ్ళి భోజనం విస్తరి లాంటివి.

ఈలోపు మార్కెట్ ఏం చేసింది? పక్కకి జరిగింది. బాల్ పైథాన్ అని పశ్చిమ ఆఫ్రికా పాము ఒకటుంది. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. నాలుగైదు అడుగులకి మించదు. ఘనా, టోగో, బెనిన్ నుంచి ఏటా వేలల్లో ఎగుమతి అవుతుంది. 1992లో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు తెల్ల (ఆల్బినో) రంగు తరతరాలకీ వస్తుందని రుజువు చేశాడు. ఇక అక్కడినుంచి రంగురంగుల రకాలు. కొత్త రంగు కనిపెట్టినవాడు వేల డాలర్లకి అమ్మాడు, కొన్న ప్రతివాడూ పిల్లల్ని పెట్టించాడు, కొన్నేళ్ళకి ధర పడిపోయింది, మళ్ళీ ఇంకో రంగు. అచ్చం మన ఐటీ కోర్సుల మార్కెట్టే. అమీర్‌పేటలో కొత్త టెక్నాలజీ మొదటి బ్యాచ్ ఫీజుకీ, మూడో ఏడాది ఫీజుకీ ఉన్న తేడా గుర్తుచేసుకోండి :) ఈ పిచ్చి నిషేధం వల్ల పుట్టింది కాదు, ముందే ఉంది. కానీ పెద్ద పాముల దారి మూసుకుపోయినకొద్దీ డబ్బూ, జనమూ ఇటు మళ్ళడం సహజం.

నిషేధానికీ అమలుకీ మధ్య ఖాళీ గురించి కూడా ఒక మాట. అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో ఒక జంతువు వ్యాపారాన్ని నిషేధించాలంటే సమావేశానికి 150 రోజుల ముందు ప్రతిపాదన ఇవ్వాలి, నిర్ణయమయ్యాక 90 రోజులకి అమలు. మొత్తం 240 రోజుల నోటీసు. ఆ ఖాళీలో వ్యాపారం తగ్గకపోగా ఎగబాకుతుందని 2007లో నేచర్ పత్రికలో ఒక ఫ్రెంచి బృందం చూపించింది. పెట్రోలు ధర అర్ధరాత్రి నుంచి పెరుగుతుందని టీవీలో చెప్తే సాయంత్రం బంకుల దగ్గర ఏమవుతుందో అదే.

మన దగ్గర సంగతికొస్తే, 1972 చట్టం మన పాముల్ని కాపాడింది కానీ విదేశీ పాముల ఊసెత్తలేదు. నల్లమల కొండచిలువని ముట్టుకుంటే జైలు, ఆఫ్రికా బాల్ పైథాన్ ఒకసారి ఇంట్లోకి వచ్చేస్తే అడిగేవాడు లేడు. 2020 జూన్‌లో కేంద్రం, ఆరు నెలల్లో మీ దగ్గరున్న విదేశీ జంతువుల్ని స్వచ్ఛందంగా చెప్పండి, కాగితాలు అడగం అంది. 32 వేలమందికి పైగా ముందుకొచ్చారు. 2022లో చట్టాన్ని సవరించి సైటీస్ జంతువుల్ని కలిపారు, 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి. అయినా బ్యాంకాక్ విమానాల్లో లగేజీలో బాల్ పైథాన్లు దిగుతూనే ఉన్నాయి, చెన్నైలో, ముంబైలో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటూనే ఉన్నారు. ఇక మన రెండు తలల పాము సంగతి వేరే. దానికి రెండు తలలుండవు, తోక మొద్దుగా తలలా ఉంటుంది, అంతే. ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని లక్షలు పోసి కొనేవాళ్ళు, బరువుని బట్టి రేటు కట్టేవాళ్ళు. తెలుగు పేపర్లలో జిల్లా పేజీల్లో ముఠా అరెస్టులు మామూలే. నిషేధం ఉండటమే ఆ పాముకి ఇంత విలువ ఉందనడానికి రుజువుగా చూపించి అమ్ముతారు. అమెరికా నిషేధానికి ధర కూలింది, ఇక్కడ నిషేధమే సేల్స్ పిచ్! నమ్మకాన్ని కొంటున్నవాడికి చట్టం ఏ మందూ ఇవ్వలేదు.

ఇంకో చిన్న తెగ గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. తమిళనాడు ఇరులర్లు తరతరాలుగా చర్మాల కోసం పాముల్ని పట్టేవాళ్ళు. 1976లో పాము చర్మాల ఎగుమతి ఆగిపోయింది, ఒక్క దెబ్బకి వాళ్ళ బతుకుతెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ సాయంతో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టడం, విషం తీయడం, తిరిగి అడవిలో వదిలేయడం. మన దేశంలో పాముకాటు మందుకి కావాల్సిన విషంలో చాలాభాగం అక్కడినుంచే. అదే తెగ నుంచి మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని 2017 జనవరిలో ఫ్లోరిడా వాళ్ళు పిలిపించుకున్నారు. అంతకు ముందు ఏడాది ఊరంతా పోటీ పెడితే వెయ్యిమందికి పైగా వేటగాళ్ళు నెల రోజులు తిరిగి 106 కొండచిలువల్ని పట్టారు. వీళ్ళిద్దరూ మొదటి ఎనిమిది రోజుల్లోనే 13 పట్టారు, అందులో ఒకటి పదహారడుగుల ఆడది. గడ్డిలో జాడ చూసి, ఇటు వెళ్ళింది అని చెప్పేవాళ్ళట. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. ఒక నిషేధం వాళ్ళ పని పోగొట్టింది, ఇంకో దేశపు నిషేధం ఆలస్యమై వాళ్ళని విమానం ఎక్కించింది. 1976లో నిషేధించినవాళ్ళు ఆ చేతుల్ని మరో పనికి మళ్ళించే ఏర్పాటు కూడా చేసి ఉంటే రెండేళ్ళు ఆకలి తప్పేది కదా అని నా బాధ.

2000 నుంచి ఇప్పటిదాకా ఫ్లోరిడాలో 20 వేలకు పైగా కొండచిలువల్ని పట్టి తీసేశారు. ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కేసే దారి లేదు, గడ్డిలో కలిసిపోతాయి.

ప్రాజెక్టు అయిపోయి వచ్చేసే ముందు పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. భయపడుతూనే వెళ్ళాను. పాము గది తలుపుకి రెండు తాళాలు, గోడ మీద ఫ్రేము కట్టించిన లైసెన్సు కాగితం. "2017లో తీర్పు వచ్చాక వెళ్ళిపోవచ్చుగా, ఆ ఉద్యోగం మళ్ళీ అడగచ్చుగా?" అన్నాను. అప్పటికి ఆ కంపెనీనే లేదట. గాజులోంచి అది నన్ను చూస్తోందో లేదో తెలీదు, పాములకి కనురెప్పలుండవు కదా. కుందేలు పెట్టే రోజు శుక్రవారం అని చెప్పాడు. ఆ రోజు గురువారం కావడం నా అదృష్టం.